చిన్న లెన్స్ ఎక్కడ పొదుపు చేసింది? మిర్రర్‌లెస్ కెమెరాకు కాంపాక్ట్ ప్రైమ్ ఎంపిక

కెనాన్ ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8, నికాన్ జెడ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ అనే రెండు లెన్సుల పెట్టెల మీద ఉండే ముఖ్యమైన అంకెలు ఒక్కటే: మి.మీ. అంకె (ఫోకల్ లెంగ్త్) ఎంత వెడల్పు పడుతుందో, ఎఫ్-సంఖ్య ఎంత వెలుతురు వస్తుందో చెబుతాయి (ఎఫ్-సంఖ్య చిన్నదయ్యేకొద్దీ వెలుతురు ఎక్కువ). రెండూ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉండే, వెలుతురును చిత్రంగా మార్చే చిప్) కోసం తయారైనవి, రెండింటిలోనూ జూమ్ లేదు, రెండూ ఒకే వెడల్పున్న దృశ్యాన్ని దాదాపు ఒకే మోతాదు వెలుతురుతో పట్టుకుంటాయి. అయినా మొదటిది 160 గ్రాముల బరువుతో, నాలుగు సెంటీమీటర్ల పొడవుతో చొక్కా జేబులో ఇమిడిపోతుంది; రెండోది 415 గ్రాములు తూగుతుంది, పొడవు మొదటిదానికి రెట్టింపు దాటుతుంది. కెనాన్ లెన్స్‌లో ఆరు గాజు ఎలిమెంట్లు ఉంటే, నికాన్ లెన్స్‌లో పన్నెండు ఉన్నాయి. అదనపు ఆరు ఎలిమెంట్లు ఊరికే పెట్టినవి కావు. అపర్చర్‌ను (వెలుతురు లోపలికి వచ్చే ద్వారాన్ని) పూర్తిగా తెరిచినప్పుడు ఫ్రేము మూలల్లో కనిపించే మెత్తదనాన్ని, కొమ్మల అంచుల వెంట వచ్చే ఊదా, ఆకుపచ్చ రంగు గీతలను అణచడానికే నికాన్ ఇంజినీర్లు వాటిని చేర్చారు. కెనాన్ ఇంజినీర్లు ఆ లోపాల్లో కొన్నిటిని అలాగే వదిలేసి బరువును, ధరను తగ్గించారు.

కాంపాక్ట్ ప్రైమ్ (జూమ్ లేని చిన్న లెన్స్) ఎంపికలోని చిక్కంతా ఇక్కడే ఉంది. చిన్న లెన్స్ అంటే ఎక్కడో ఒకచోట పొదుపు చేసిన లెన్స్ అని అర్థం. ఆ పొదుపు అపర్చర్‌లో జరిగి ఉండవచ్చు, గాజులో జరిగి ఉండవచ్చు, ఫోకస్ మోటారులో, చేయి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్‌లో, లెన్స్‌ను కెమెరాకు తగిలించే మౌంటు లోహంలో జరిగి ఉండవచ్చు, లేదా లెన్స్ చేయవలసిన పనిలో కొంత సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం ద్వారా జరిగి ఉండవచ్చు. ఏ రెండు కంపెనీలూ ఒకే చోట పొదుపు చేయవు కనుక, ‘ఏది మంచి లెన్స్’ అనే ప్రశ్నకు అందరికీ పనికివచ్చే సమాధానం దొరకదు. ఏ పొదుపు మన పనికి అడ్డురాదో తేల్చుకోవడమే మిగిలేది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది దృశ్యకోణం. మిగతా లోపాలను ఏదో ఒక విధంగా సర్దుకోవచ్చు గాని, ప్రైమ్ లెన్స్‌లో ఫోకల్ లెంగ్త్ మారదు కనుక అక్కడ జరిగే పొరపాటును లెన్స్ మార్చి తప్ప సరిచేసుకోలేము. దీనికి ఒక తేలికైన లెక్క ఉంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ.; కెమెరా నుంచి మనిషి వరకు ఉన్న దూరాన్ని 36తో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. మూడు మీటర్ల దూరంలో 50 మి.మీ. లెన్స్‌కు 2.16 మీటర్లు పడుతుంది, 40కి 2.7 మీటర్లు, 35కి 3.1 మీటర్లు, 28కి దాదాపు 3.9 మీటర్లు. సెన్సర్ చిన్నగా ఉండే సోనీ, నికాన్, ఫ్యూజీఫిల్మ్ ఏపీఎస్-సీ కెమెరాలలో 36కు బదులు సుమారు 23.5, ఇంకా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17.3 వేసుకుని ఇదే లెక్క చేయవచ్చు.

ఈ అంకెలను ఒక అపార్ట్‌మెంటు హాలులోకి తీసుకువెళ్తే వాటి బలం తెలుస్తుంది. సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చున్న దంపతులను, వారి పక్కన ఒదిగి కూర్చున్న మరో నలుగురిని ఒకే ఫ్రేములో తీయాలంటే కనీసం మూడు మీటర్ల వెడల్పు కావాలి. 50 మి.మీ. లెన్స్‌తో అందుకు నాలుగు మీటర్లకు పైగా వెనక్కి జరగాలి. అంతకు ముందే వీపు గోడకు తగులుతుంది. 35తో మూడు మీటర్ల దూరం నుంచే పని జరిగిపోతుంది. ఫిల్మ్ కాలంలో కెమెరాతో పాటు 50 మి.మీ. లెన్స్ ఇచ్చేవారు కనుకనూ, అది చవకగా తయారవుతుంది కనుకనూ ‘మొదటి ప్రైమ్ అంటే 50’ అనే మాట స్థిరపడిపోయింది. ముఖచిత్రాలకు, ఆరుబయట దృశ్యాలకు అది ఇప్పటికీ చక్కని లెన్సే. ఇరుకు గదుల్లో కుటుంబాన్ని తీసేవారికి మాత్రం ఆ సలహాను కళ్ళు మూసుకుని ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం.

అలాగని 28 వైపు పరుగెత్తడమూ తొందరపాటే. నేటి స్మార్ట్‌ఫోన్లలో ప్రధాన కెమెరా దృశ్యకోణం చాలావరకు ఫుల్‌ఫ్రేమ్ 24 నుంచి 26 మి.మీ. లెన్సులకు సమానంగా ఉంటుంది. 28 మి.మీ. లెన్స్ కొన్నవారికి నాణ్యతలో తేడా కనిపిస్తుంది గాని, చూపులో తేడా అంతగా కనిపించదు. జేబులోని ఫోను చూపించే ప్రపంచాన్నే కాస్త స్పష్టంగా చూపుతుంది. ఫోను ఎలాగూ వెంట ఉంటుంది కనుక, అది చూపని కోణాన్ని కెమెరాకు ఇవ్వడం మేలని నేను భావిస్తాను. 35, 40 మి.మీ. లెన్సులు గదికి సరిపోతూనే ఫోనుకు భిన్నంగా చూస్తాయి. అయితే 28కి అనుకూలంగా ఒక వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేము: తీసిన తరువాత కత్తిరించుకోవచ్చు. 24 మెగాపిక్సెల్ చిత్రాన్ని 28 నుంచి 40 కోణానికి కత్తిరిస్తే సుమారు 12 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి, 50 కోణానికి కత్తిరిస్తే ఏడున్నర మిగులుతాయి. మొదటిది పెద్ద ప్రింటుకు కూడా చాలు. 40తో తీసిన చిత్రాన్ని మాత్రం ఎన్నటికీ 28గా విస్తరించలేము.

చేతిలో ఉన్న జూమ్ లెన్స్‌తో తీసిన పాత చిత్రాలలో ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోమని చాలామంది చెబుతారు. ఆ లెక్కను కొంత జాగ్రత్తగా చూడాలి. జూమ్ రింగును తిప్పే చేయి అది ఆగేంత వరకు తిప్పుతుంది కనుక, 24-70 లెన్స్ వాడినవారి చిత్రాలు 24 దగ్గర, 70 దగ్గర గుట్టలుగా పోగవుతాయి. అది మన చూపుకు గుర్తు కాదు, రింగు ఆగిన చోటుకు గుర్తు. జూమ్‌ను 35 దగ్గర ఒక చిన్న టేపు ముక్కతో కదలకుండా చేసి కొన్నాళ్ళు వాడి, తరువాత 50 దగ్గర అదే పని చేస్తే ఇంతకంటే నమ్మదగిన సమాధానం వస్తుంది.

కోణం తేలాక అపర్చర్ సంగతి చూడాలి. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్-సంఖ్యతో భాగిస్తే, ముందునుంచి చూసినప్పుడు వెలుతురు ప్రవేశించే ద్వారం వ్యాసం వస్తుంది. 28 మి.మీ. ఎఫ్/2.8కి అది 10 మి.మీ., 40 మి.మీ. ఎఫ్/2కి 20 మి.మీ., 50 మి.మీ. ఎఫ్/1.2కి దాదాపు 42 మి.మీ. ద్వారం పెరిగేకొద్దీ గాజు వ్యాసం పెరుగుతుంది, మందం పెరుగుతుంది. అంచుల నుంచి వచ్చే కిరణాలు ఎక్కువగా దారి తప్పుతాయి కనుక వాటిని సరిదిద్దడానికి మరిన్ని ఎలిమెంట్లు కావలసి వస్తాయి. కెనాన్ ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.2 బరువు 950 గ్రాములు. ఎఫ్/1.8తో పోలిస్తే అది రెండుంపావు రెట్లు వెలుతురు ఇస్తుంది, ఆరు రెట్లు బరువు తూగుతుంది. కాంపాక్ట్ లెన్సులు ఎఫ్/2, ఎఫ్/2.5, ఎఫ్/2.8 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

ఎఫ్/2.8 సరిపోతుందా అన్నది సెన్సర్ మీద, తీసే విషయం మీద ఆధారపడి ఉంటుంది. మామూలు ఇంటి దీపాల వెలుతురులో కదులుతున్న మనుషులను సెకనులో 125వ వంతు షట్టర్ స్పీడుతో పట్టుకోవాలంటే, ఎఫ్/2.8 దగ్గర ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని తెలిపే అంకె) సుమారు 1600 కావలసి వస్తుంది; ఎఫ్/2 దగ్గర 800, ఎఫ్/1.4 దగ్గర 400 చాలు. ఈనాటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లకు 1600 అనేది పెద్ద భారమేమీ కాదు. ఏపీఎస్-సీలో కొంత, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో మరికొంత నాయిస్ (ఇసుక చల్లినట్లుండే గరుకుదనం) కనిపిస్తుంది కనుక, సెన్సర్ చిన్నదయ్యేకొద్దీ ఎఫ్/2 లేదా అంతకంటే పెద్ద అపర్చర్ వెతుక్కోవడం మంచిది.

వెనుక దృశ్యం మసకబారడం కోసం పెద్ద అపర్చర్ కావాలనేవారు స్పష్టత ఎంత లోతువరకు నిలుస్తుందో కూడా చూసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్‌లో రెండు మీటర్ల దూరంలో 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్‌కు ఆ లోతు సుమారు 17 సెంటీమీటర్లు, 40 మి.మీ. ఎఫ్/2కి 30 సెంటీమీటర్లు, 28 మి.మీ. ఎఫ్/2.8కి 90 సెంటీమీటర్లు. తలంబ్రాలు పోసుకుంటున్న వధూవరులను కాస్త పక్కనుంచి తీస్తే ఇద్దరి ముఖాలూ 17 సెంటీమీటర్ల లోతులో ఇమడవు. అలాంటి సందర్భాల్లో ఎఫ్/1.8 లెన్స్ ఉన్నవారు కూడా దాన్ని ఎఫ్/4కు తగ్గించుకునే తీస్తారు. ఒంటరి ముఖచిత్రాలు తీయడమే ప్రధానమైన పని అయినవారు కాంపాక్ట్ లెన్సుల జోలికి రాకపోవడమే మంచిది. అక్కడ బరువుకు తగిన ఫలితం నిజంగానే ఉంటుంది.

కాంపాక్ట్ లెన్సులన్నీ 24 నుంచి 50 మి.మీ. మధ్యనే ఎందుకు గుమిగూడాయో తెలుసుకోవాలంటే అద్దం కథ కొంత తెలియాలి. 1920ల నాటి లైకా కెమెరాలో మాక్స్ బెరెక్ రూపొందించిన ఎల్మార్ 50 మి.మీ. ఎఫ్/3.5 నాలుగే గాజు ఎలిమెంట్లతో, వాడనప్పుడు బాడీలోకి ముడుచుకుపోయేలా ఉండేది. తరువాత వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండా వచ్చే దృశ్యాన్ని అద్దంతో వ్యూఫైండరులో చూపే) కెమెరాలలో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య అద్దం లేచి పడటానికి చోటు వదలవలసి వచ్చింది. నికాన్ ఎఫ్ మౌంటులో మౌంటు నుంచి ఫిల్మ్‌కు 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. దూరం. ఆ దూరం కంటే ఫోకల్ లెంగ్త్ తక్కువగా ఉన్న 35, 28 మి.మీ. లెన్సులను మామూలు పద్ధతిలో నిర్మించడం కుదరదు. ముందు కిరణాలను విడదీసి, వెనుక కలిపే తలకిందుల టెలిఫోటో నిర్మాణం అవసరమవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆంజెన్యూ సంస్థ 1950లో 35 మి.మీ. ఎఫ్/2.5 లెన్స్‌ను ఈ పద్ధతిలోనే తెచ్చింది. దానికి ఎక్కువ గాజు, ఎక్కువ పొడవు తప్పవు. అందుకే డీఎస్‌ఎల్‌ఆర్ల (డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ల) కాలంలో పలుచని ‘ప్యాన్‌కేక్’ లెన్సులు 40 మి.మీ. దగ్గరే ఎక్కువగా పుట్టాయి. 2012 నాటి కెనాన్ ఈఎఫ్ 40 మి.మీ. ఎఫ్/2.8 అందుకు మంచి ఉదాహరణ.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఆ దూరం సోనీ ఈ మౌంటులో 18, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20, నికాన్ జెడ్‌లో 16, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌లో 17.7 మి.మీ.కు తగ్గింది. దానివల్ల నికాన్ జెడ్ 26 మి.మీ. ఎఫ్/2.8 వంటి లెన్స్ 125 గ్రాముల బరువుతో, 23.5 మి.మీ. మందంతో సాధ్యమైంది. అయితే ఈ మేలు వెడల్పు కోణాలకే పరిమితం. 85 మి.మీ. లెన్స్‌కు అద్దం ఎప్పుడూ అడ్డు కాదు కనుక, అద్దం పోవడం వల్ల ఒరిగిందేమీ లేదు. అందుకే చిన్న పోర్ట్రెయిట్ లెన్స్ కావాలనుకునేవారికి సెన్సర్‌ను చిన్నది చేసుకోవడమే దారి: మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్/1.8 బరువు 116 గ్రాములే, కోణం ఫుల్‌ఫ్రేమ్ 90కి సమానం. మసక మాత్రం ఫుల్‌ఫ్రేమ్ 90 మి.మీ. ఎఫ్/3.6 ఇచ్చేంతే ఉంటుంది.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌ను అడాప్టరుతో వాడదామనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కెనాన్‌లో 44కూ 20కీ ఉన్న తేడా, అంటే 24 మి.మీ. మందం ఆ అడాప్టరుకు ఉండి తీరాలి. పోయిన అద్దం చోటును మనమే మళ్ళీ మోస్తున్నట్లవుతుంది.

ఇప్పటి చిన్న లెన్సులలో జరిగే పొదుపుల్లో కంటికి అంత తేలికగా కనిపించనిది సాఫ్ట్‌వేర్ పొదుపు. వెడల్పు కోణపు లెన్స్‌లో సరళరేఖలు బయటికి ఉబ్బకుండా గాజుతోనే సరిచేయాలంటే లెన్స్ పెద్దదవుతుంది. దానికి బదులు, లెన్స్‌ను ఉబ్బు ఉండగానే వదిలేసి, ఆ ఉబ్బు ఎంతో తెలిపే సమాచారాన్ని చిత్రంతో పాటు పంపి, కెమెరా లేదా కంప్యూటరు దాన్ని నిఠారుగా సాగదీసేలా చేస్తారు. కెనాన్ ఆర్‌ఎఫ్ 16 మి.మీ. ఎఫ్/2.8 వంటి లెన్సులు ఈ సవరణ మీద గట్టిగా ఆధారపడతాయి. ఇది మోసమని కోప్పడేవారు ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. చివరికి తేలే చిత్రాన్నే చూడాలి. కాని సాగదీసిన మూలల్లో వివరం కొంత పలచబడుతుంది, చీకటి మూలలను వెలిగించినప్పుడు అక్కడ నాయిస్ పైకి వస్తుంది. గుడి గోపురాలు, భవనాల ముఖభాగాలు, రాత్రి ఆకాశం తీసేవారికి మూలలు ముఖ్యం కనుక అది నష్టమే. మనుషులను తీసేవారు మూలల వంక చూసేది అరుదు.

ఫోకస్ సంగతికి వస్తే, చిన్న లెన్సులలో కొన్ని మొత్తం గాజు సముదాయాన్నే ముందుకు వెనక్కి జరిపి ఫోకస్ చేస్తాయి. నిర్మాణం సరళంగా, దగ్గరి దూరంలోనూ నాణ్యత నిలిచేలా ఉంటుంది గాని, బరువైన సముదాయాన్ని చిన్న మోటారు కదపాలి కనుక వేగం తగ్గుతుంది, శబ్దం పెరుగుతుంది. 2009లో వచ్చిన ప్యానసోనిక్ 20 మి.మీ. ఎఫ్/1.7 చిత్రాల నాణ్యతకు ఎంత పేరు తెచ్చుకుందో, ఫోకస్ మందకొడితనానికీ అంతే పేరు తెచ్చుకుంది. 2012 నాటి ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌ఎఫ్ 35 మి.మీ. ఎఫ్/1.4 కూడా ఇదే కోవది. దాని తరువాత వచ్చిన ఎఫ్/2 రూపం ఒక స్టాపు (అంటే సగం) వెలుతురును వదులుకుని, లోపలి చిన్న ఎలిమెంట్లను మాత్రమే కదుపుతూ చప్పుడు లేకుండా పనిచేస్తుంది. 2021లో సోనీ విడుదల చేసిన 24 మి.మీ. ఎఫ్/2.8, 40 మి.మీ. ఎఫ్/2.5, 50 మి.మీ. ఎఫ్/2.5 జి లెన్సులలో చప్పుడు లేకుండా చురుగ్గా కదిలే లీనియర్ మోటార్లు ఉన్నాయి. పరుగెత్తే పిల్లలను, వీడియోలను తీసేవారికి ఈ తేడా అపర్చర్‌లోని తేడా కంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

స్టెబిలైజేషన్‌ను లెన్స్ ఒక్కదాన్నే పట్టుకుని కాక, బాడీతో జతచేసి చూడాలి. కాంపాక్ట్ ప్రైమ్‌లలో ఆ సదుపాయం చాలావరకు ఉండదు. బాడీలో ఉంటుందన్న భరోసాతో దాన్ని తీసేస్తారు. కెనాన్ ఆర్8 బాడీ 461 గ్రాములు, ఆర్‌ఎఫ్ 28 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ 120 గ్రాములు. ఫుల్‌ఫ్రేమ్‌లో ఇంత తేలికైన జత అరుదు. అయితే ఆ బాడీలోనూ స్టెబిలైజేషన్ లేదు, ఆ లెన్స్‌లోనూ లేదు. నడుస్తూ వీడియో తీసేవారికి, సాయంకాలం నిశ్చల దృశ్యాలను తక్కువ షట్టర్ స్పీడుతో తీసేవారికి ఆ జత ఇబ్బంది పెడుతుంది. కదిలే మనుషులను తీసేటప్పుడు ఎలాగూ షట్టర్ స్పీడు పెంచాలి, చేయి వణుకును ఆపే యంత్రం ఎదుటివారి కదలికను ఆపలేదు కనుక, అక్కడ ఈ లోటు అంతగా తెలియదు.

దగ్గరి నుంచి తీయగల శక్తిని చాలామంది కొన్న తరువాతే గమనిస్తారు. సోనీ ఎఫ్‌ఈ 50 మి.మీ. ఎఫ్/1.8కి కనీస దూరం 45 సెంటీమీటర్లు. అంటే ఫ్రేములో పట్టే అతి చిన్న వెడల్పు సుమారు 26 సెంటీమీటర్లు, దాదాపు ఒక భోజనం పళ్ళెమంత. కెనాన్ ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8, సిగ్మా 45 మి.మీ. ఎఫ్/2.8 లెన్సులు వస్తువును దాని అసలు పరిమాణంలో పావు వంతుగా సెన్సర్ మీద పడేంత దగ్గరగా వెళ్తాయి కనుక 14 సెంటీమీటర్ల వెడల్పును ఫ్రేము నిండా చూపగలవు. పసిపాప పాదాలు, చేతికి పెట్టిన గోరింటాకు, వడ్డాణం మీది పనితనం తీయాలంటే ఈ తేడా తెలిసివస్తుంది.

ఇంతా చేసి ఏ మౌంటుకు ఏమి దొరుకుతుందన్నది ఎంపికను సగం నిర్ణయించేస్తుంది. సోనీ ఈ మౌంటుకు ఇతర కంపెనీల లెన్సులు విస్తారంగా ఉన్నాయి. కెనాన్ ఆర్‌ఎఫ్‌కు సిగ్మా, టామ్రాన్ తమ ఏపీఎస్-సీ ఆటోఫోకస్ లెన్సులను 2024లో గాని ప్రకటించలేకపోయాయి. నికాన్‌లో 28 మి.మీ. ఎఫ్/2.8, 40 మి.మీ. ఎఫ్/2 రెండూ చవక, తేలిక. పొదుపు ప్లాస్టిక్ మౌంటులో కనిపిస్తుంది. 170 గ్రాముల 40 మి.మీ. లెన్స్‌ను ప్లాస్టిక్ మౌంటు తేలికగానే మోస్తుంది కనుక దానికి భయపడనక్కరలేదు. ఫ్యూజీఫిల్మ్‌లో 23, 35, 50 మి.మీ. ఎఫ్/2 లెన్సులు 170 నుంచి 200 గ్రాముల మధ్య ఉంటూ, చినుకులను, దుమ్మును కొంతవరకు తట్టుకుంటాయి. చిన్నతనానికీ దృఢత్వానికీ ఇంత చక్కగా పొత్తు కుదిరిన వరుస మరొకటి నాకు కనిపించదు.

అతి పలుచని ప్యాన్‌కేక్‌ల మీద మోజు పడేముందు కెమెరా పట్టు (చేత్తో పట్టుకునే గ్రిప్) ఎంత ముందుకు పొడుచుకువచ్చిందో చూసుకోవాలి. పెద్ద పట్టు ఉన్న బాడీకి 24 మి.మీ. మందం లెన్స్ తగిలించినా, 45 మి.మీ. లెన్స్ తగిలించినా సంచిలో ఆక్రమించే చోటు పెద్దగా మారదు. పట్టు దాదాపు లేని ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ఈ వరుస, సోనీ ఏ7సీ వంటి చదునైన బాడీల మీద ఆ రెండు సెంటీమీటర్లు నిజంగా లాభిస్తాయి.

పాత లెన్స్ కొనేవారు అపర్చర్ పూర్తిగా తెరిచి, లెన్స్‌లోకి టార్చి వేసి, సాలెగూడు దారాల్లాంటి ఫంగస్ ఉందేమో చూడాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఎక్కువగా ఉండే తీరపు ఊళ్ళలో మూసిన సంచిలో ఉండిపోయిన లెన్సులకు ఇది తరచుగా పడుతుంది. కొత్తదైనా, పాతదైనా వాపసు గడువులోగా మరో పరీక్ష చేయాలి. సూటిగా ఎదురుగా నిలబడి, కెమెరాను స్టాండు మీద పెట్టి, ఇటుక గోడనో గోడమీది పెద్ద వార్తాపత్రికలనో అపర్చర్ పూర్తిగా తెరిచి తీసి, నాలుగు మూలలను పెద్దవి చేసి పోల్చాలి. నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే అది ఆ మోడల్ లెన్సులన్నిటి స్వభావం. ఒక మూల మాత్రమే మిగతా మూడింటి కంటే బాగా మసకగా ఉండి, కెమెరాను తలకిందులు చేసి తీసినా చిత్రంలో మసక అదే మూలలో వస్తే, ఎలిమెంట్లలో ఏదో పక్కకు జరిగి ఉన్నట్లు. ఆ లెన్స్‌ను వాపసు ఇచ్చి మరొకటి అడగాలి.